చెయ్యి లేపే చోటు

మొదటాయన మా రేకుల వరండాలో కూచున్నారు.
టీ తాగుతా నోట్సు తిరగేసి
అట్ట మీద పిల్ల పేరు పైకి చదివారు: "లోప."
"పేరులోనే ఉందమ్మా లోపం" అని నవ్వారు.
లోవ నా కొంగు చాటున నిలబడి
తనూ నవ్వాలేమోనని నవ్వింది.
తలుపులమ్మకి మొక్కుకుని పెట్టుకున్న పేరండీ అది.
ఆ మాట ఆయనకి చెప్పలేదు.
ఖాళీ గ్లాసు తీసుకున్నాను.

రెండోది కాట్రేనికోన సెంటర్లో, మేడ మీద.
మెట్ల మీదే నలభై జతల చెప్పులు.
లోపల పదిహేడో ఎక్కం ఒక్క గొంతుతో పరిగెడుతుంటే
మా పిల్ల పెదాలు మాత్రం కదుపుతోంది,
భజనలో పాట రానోళ్లలా.
నెలకి ఎనిమిది వందలు. రెండు నెలలు కట్టాను.

మూడో అమ్మాయి మంచిది. హిమజ్యోతి, బీఎడ్డు చదువుతోంది.
పక్కన కూచోబెట్టుకుని చెయ్యి పట్టి దిద్దించేది.
ఒక సాయంత్రం "పడవ"ని పదకొండోసారీ "వడప" అని రాస్తే
పిల్ల ఏడవలేదు, ఆ అమ్మాయి ఏడ్చింది.
"నాకు చేతకావట్లేదు ఆంటీ" అంది.
అంత నిజం చెప్పిన పంతులమ్మని
మళ్లీ చూళ్లేదు నేను.

రొయ్యల షెడ్డులో తలలు తుంచే మనిషిని.
ఇది నలభై కౌంటు, ఇది అరవై,
ఏ రొయ్య ఏ ట్రేలోకో నా వేలికి తెలుసు.
ఏ పిల్లకి ఏ పంతులో
ఎవరి వేలికి తెలుస్తుందండీ?
షెడ్డులో అడిగాను, ఐసు లారీ డ్రైవర్నీ అడిగాను.
భీమారం హాస్టల్లో పడెయ్యమన్నారు ఒకరు,
సరస్వతాకు నూరి పొయ్యమన్నారు ఒకరు.
పోశాను కూడా.

బలుసుతిప్ప ఒడ్డున మా మరిది పడవకి రంగులేస్తున్న రోజు,
క్యారేజీ ఇచ్చి రమ్మన్న పిల్ల గంటైనా రాలేదు.
తిట్టుకుంటా వెళ్లాను.
బుల్లబ్బాయి పడవకి పేరు రాస్తున్నాడు.
ఒకప్పుడు ముమ్మిడివరం షాపుల బోర్డులన్నీ ఈయన చేతివే,
ఫ్లెక్సీలొచ్చి పడవల మీదకి తరిమాయి.
ఆయన వెనకాల ఇసకలో మా లోవ
బ్రష్షు ఎటు తిరిగితే అటు
చూపుడు వేలు గాల్లో తిప్పుతోంది.

"ఎంతవరకు చదివారండీ?" అందర్నీ అడిగినట్టే అడిగాను.
"ఐదు తప్పానమ్మా. నేను చదవను, గీస్తాను.
అక్షరం చిన్నదైతే నాకూ పీతపిల్లలా పక్కకి పాకేద్ది.
మూరెడు పెద్దదైతే ఆయ్, కదల్దు."
ఫీజు సంగతి ఎత్తితే
పాత లంగా గుడ్డలు పంపమన్నాడు, బ్రష్షులు తుడుచుకోడానికి.

మొదటి ఆదివారం పుస్తకం ముట్టుకోలేదు.
ఎండిన చెక్క మీద నీళ్లతో రాయించాడు, చెక్కంత అక్షరం.
ఎండకి ఆరిపోయేది,
తప్పూ దాంతోనే పోయేది.
"ప రాశావా, చెయ్యి లేపు. సందులోంచి గాలి పోనీ.
అప్పుడు పెట్టు తలకట్టు.
వ కి లేపకూడదు. ఊపిరి బిగబట్టి చివరిదాకా లాగు."
పిల్ల వేళ్లతో కాదు, భుజంతో రాస్తోంది.

ఈ సారీ సీ గ్రేడే వచ్చింది.
మ, య ఇంకా ఒకదాని చొక్కా ఒకటి తొడుక్కుంటున్నాయి.
"ట్యూషన్ ఎవరి దగ్గర?" అని క్లాసు టీచరు అడిగితే
పెయింటరని నోరు రాక "ఒక సారు దగ్గర" అన్నాను.
సారే కదా, మరి ఎందుకు సిగ్గేసిందో.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
నేను వేలిముద్ర మనిషిని,
ఐసుకీ ఉప్పుకీ పగిలిన వేలు.
అది పట్టుకుని గచ్చు మీద నీళ్లతో
తన పేరు రాయిస్తోంది.
లో అయ్యింది. రెండోది సగంలో ఉంది.
"ఇక్కడ లేపకే అమ్మా,
లేపావంటే నేను నేను కాకుండా పోతాను" అంది.

చీకట్లో ఊపిరి బిగబట్టాను.