నీళ్లు నడిచినంత మెల్లగా

హన్మకొండ చౌరస్తాల మెట్ల కింద నా డీటీపీ దుకాణం.
పెండ్లిపత్రికలు, సంవత్సరీకం కార్డులు,
ఇంటిపన్ను మీద అర్జీలు.
ఆ నడుమ ఒకనాడు
ట్రావెల్స్ సాంబరాజు తెచ్చిన కాయితం:
ఫ్రాన్సు దేశం, ద్రాక్షతోటల నడుమ కాలువ,
కాలువల పడవ,
పడవల ఆరుగురే మనుషులు, ఆరు రాత్రులు.
"ఎనుమాముల పత్తిసేటు, సేటమ్మ పోతరట,
తెలుగుల ముద్దుగ కొట్టియ్యి" అన్నడు.

ముద్దుగనే కొట్టిన.
మెత్తటి పరుపు, పొద్దుగూకంగ డెక్కు మీద దీపాలు,
ఏడు తీర్ల చీజు,
ఊరికొక్క రుచి ద్రాక్షసారా.
సారా కొట్టేసి వైను అని పెట్టిన,
సేటు ఇజ్జత్ సంగతి.
పడవ మనిషి నడిచినంత జోరుతోనే పోతదట.
గట్టు మీద సైకిలు తొక్కే పిల్ల
దాన్ని దాటిపోయి, రొట్టె కొనుక్కొని,
మళ్ల ఎదురొస్తదట.
ఆ మెల్లదనానికే అన్ని లక్షలు.

ఒక్క మాట కాడ వేళ్లు ఆగినయ్.
కాలువకు అడ్డంగ రెండు తలుపులు,
నడుమ పడవ,
నీళ్లు నింపితే పడవ మెట్టెక్కుతది.
తలుపు తిప్పెటందుకు ఒక మనిషి,
ఆ మనిషికి అక్కడనే ఒక చిన్న ఇల్లు.
కోస్తా దిక్కు లాకులంటరు.
మాకు లాకంటే తాళమే.

బాపుకు ఫోన్ చేసిన.
ముప్పై ఒక్క ఏండ్లు కాకతీయ కాలువ మీద లష్కర్.
ఖాకీ అంగీ, టార్చి, షట్టరు తిప్పే ఇనుప కడ్డీ.
ఇంట్లకు రాంగనే
ఆ కడ్డీని ముందు గోడకు ఆనించేటోడు,
తర్వాతనే మమ్ముల పిలిచేటోడు.

"నీళ్లు పడవను పైకెత్తుతయా?" అన్నడు.
"ఎత్తుతయ్ బాపూ."
"ఎత్తినంక ఆ నీళ్లు ఏ పొలానికి పోతయి?"
కాయితమంత వెదికిన. రాసిలేదు.
"పొలానికి పోని నీళ్లకు మనిషిని పెట్టిన్రా"
అని నవ్విండు. దగ్గొచ్చేదాక నవ్విండు.

తర్వాత, అడగకముందే, చెప్పబట్టిండు:
యాసంగి తడికి పైన గేట్లిడిసిన రాత్రి
ఎండిన కాలువల నీళ్లు ఎట్లొస్తయో.
ముందుగాల నురుగు, ఎండుటాకులు, ఎవరిదో ఒంటి చెప్పు,
దాని ఎనుక నాలికె చాపినట్టు సన్నని తడి.
పక్కపొంటి గట్టు మీద తను.
అది గుంతల ఆగితే తనూ ఆగుడు, బీడి ముట్టిచ్చుడు.
అది నిండి కదిలితే తనూ కదులుడు.
టేలెండు దాక రెండు రాత్రులు, ఒక పగలు.
తెల్లారంగ తాళ్లల్ల గౌండ్ల కొమురెల్లి
లొట్టి దించి రేకల వంచేటోడు.
ఇది కాలువ పక్కది, నీళ్లు తాగి పల్చగైంది,
ఇది బోడు మీదిది, మంచిగ పట్టుకుంటది.
గుటక గుటకకు ఒక చెట్టు పేరు.
"తాగినా సరే, నీళ్లను ఎనుక ఇడిసి పోవద్దు బిడ్డా.
ముందుగాల ఉరికి చెప్తె రైతు నమ్మడు.
తోలుకొనే పోవాలె."

ఆ రాత్రి ఆ మాట కాడ
లష్కర్ అని కొట్టిన.
"లష్కర్ తలుపు తిప్పును. ప్రయాణికులు చేతులూపవచ్చును."
సాంబరాజు చదవలే. పైసలిచ్చి తీసుకపోయిండు.

సేటమ్మ తిరిగొచ్చింది, ఫోన్ల ఆరువందల ఫోటోలు.
"నిద్రే నిద్ర. ఏమీ జరగదక్కడ" అన్నది,
మొక్కు తీరినట్టు మొఖం పెట్టి.
ఒక ఫోటో అడుక్కున్న:
చిన్న ఇల్లు, కిటికీల ఎర్రపూలు,
నడీడు ఆడిమనిషి రెండు చేతులతోటి
పండ్లచక్రం తిప్పుతున్నది.

బాపుకు పంపిన.
ఫోన్ కండ్లకు దగ్గర పెట్టుకొని చానసేపు చూసిండట,
పూలను కాదు, ఇంటిని కాదు.
పొద్దుగూకినంక మర్ల ఫోన్ చేసి
"ఆమె భుజం వంగుతున్నది చూసినవా,
పండ్లకు గ్రీజు లేదు బిడ్డా.
ఎవరికన్న చెప్పు" అన్నడు.