అడుగున ఒక జానెడు

క్లైపేదా రేవులో ఊరికి పండగ జులైలో.
నాకు మార్చిలోనే మొదలైంది.

పూడిక తోడే పడవ నాది.
దానికి పేరు లేదు,
పక్కన పసుపు రంగుతో రాసిన అంకె ఉంది, అంతే.
మంచు పెళ్ళలు ఇంకా దానె నదిలో తచ్చాడుతుండగా
ఇనుప దోసిలి నీళ్ళలోకి దించాను.

పైకొచ్చాయి
జిగురు బురద, నల్లగా, నిన్నటి గంజి వాసనతో.
సైకిలు చట్రం.
ఎవరి ఎడమకాలిదో రబ్బరు బూటు,
అందులో కాపురముంటున్న పీత.
మూత తియ్యని సారా సీసా ఒకటి,
దాని సంగతి నేనూ రిమ్‌గౌదాసూ ఎక్కడా చెప్పలేదు.
ఓ సాయంత్రం గోరంత అంబరు ముక్క.
తుడిచి ఎండకి ఎత్తితే తేనె గడ్డకట్టినట్టుంది.
"నీళ్ళకీ కొంగున ముడేసుకునే అలవాటుంది"
అన్నాడు రిమ్‌గౌదాస్.

ఆఫీసు నుంచి వచ్చిన కాగితం మీద
ఓడల బొమ్మల్లేవు. లోతులే ఉన్నాయి.
దీనికి నాలుగు మీటర్లు, దానికి అయిదున్నర,
మహాసముద్రం దాటి వచ్చే తెల్లదానికి
ఆరు మీద పదిహేడు సెంటీమీటర్లు.
పెళ్ళికూతురి ఫొటో అడిగితే
చెప్పుల సైజు పంపినట్టు.

ఆ సైజుకే తోడాం
వందరోజులు.

వచ్చాయి.
మూడు కొయ్యలవి, నాలుగు కొయ్యలవి,
అడ్డదూలాల మీద వరసగా నిలబడ్డ కుర్ర కళాసులతో.
ఊరు ఊరంతా మెడ వెనక్కి వాల్చింది.
పొగబెట్టిన చేపల దగ్గరా, బీరు పీపాల దగ్గరా,
తండ్రుల భుజాల మీదా
ఆ నాలుగు రోజులూ కిందికి చూసినవాడు లేడు,
ఐస్‌క్రీం మోచేతి దాకా కారుతున్నా.

నేను నీళ్ళ అంచునే చూస్తున్నాను.

తెల్ల ఓడ మలుపు తిరిగింది.
తిరుగుతుంటే దాని వెనక నీళ్ళు
టీ రంగుకి మారాయి.
నేను వదిలేసిన బురదే, నిద్ర చెడి లేచింది.
అడుగుకీ నేలకీ మధ్య
జేబులో నా చెయ్యి దానంతటదే
జానెడు తెరుచుకుంది.
బ్యాండు వాయిస్తున్నారు.
పక్కనున్న ఆవిడ ఎందుకో నావైపు చూసి
"కళ్ళు తిరుగుతున్నాయా?" అని అడిగింది.

ఓడ దాటిపోయింది.
వేళ్ళు ముడుచుకోవడానికి కొంచెం టైము పట్టింది.

వేదిక మీద ఒకాయన అందరికీ కృతజ్ఞతలు చెప్పాడు.
బీరు కంపెనీకి, పోలీసు కుక్కలకి,
దుప్పట్లు పంచిన పిల్లలకి,
ముఖ్యంగా గాలికి.

గాలి రాలేదు.
నాలుగో రోజు వీడ్కోలు ఊరేగింపు,
లక్షమంది రెండు ఒడ్డులా,
తెరచాపలన్నీ విప్పి
పిండని దుప్పట్లలా వేలాడాయి.
చివరికి ఇంజన్లు వేసుకుని
డబడబమంటూ పోయాయి ఒకదాని వెనక ఒకటి.
ఓడలు బళ్ళవడమంటే ఇదేననుకున్నాను.

"గాలి ముందే డబ్బులు తీసేసుకుందా నాన్నా?"
అంది రిమ్‌గౌదాస్ కూతురు స్కైస్తే.
తొమ్మిదేళ్ళు దానికి.
తర్వాత నన్నడిగింది,
నీకు ఏ ఓడ నచ్చిందీ అని.
ఏం చెప్పను?
వాటిని మోకాళ్ళ దాకానే చూశాను నేను.

సోమవారం.
వేదిక చెక్కలు ఊడదీస్తున్నారు.
చేప తోళ్ళ మీద సముద్రపు కాకుల పంచాయితీ.
నది సెలవు తీసుకోలేదు,
ఆ నాలుగు రోజుల్లోనే
మూడు వేళ్ళ మందం మళ్ళీ తెచ్చి పరిచింది.

మొదటి దోసిలిలో ఒక టోపీ వచ్చింది.
కొత్తది. తెల్లది ఒకప్పుడు.
ముందు జరీ అక్షరాలు, నాకు రాని లిపి.
లోపలి పట్టీ మీద పెన్నుతో రాసుకున్న పేరు
సగం నీళ్ళపాలు.
కుర్రాడు పైన దూలం మీదుండగా పడిపోయిందో,
కావాలనే ఊళ్ళోకి విసిరాడో.

రిమ్‌గౌదాస్ పెట్టుకు చూశాడు.
పట్టలేదు.
ఇంజను గదిలో మేకుకి తగిలించాం.
కింద ఇనుప పలక మీద
చుక్క చుక్క
చాలాసేపు కారింది.
మేం పనిలో పడ్డాం.