మబ్బు వెనక గోడ

ఉత్తర ఐస్‌లాండ్‌లో మా షెడ్డుకు కిటికీలుండవు.
లోపల వరసల్లో సర్వర్లు,
శీతాకాలపు కొట్టంలో గొర్రెల్లా
ఒకదాన్నొకటి ఒరుసుకుని గుర్రుమంటుంటాయి.
రాత్రి కాపలా నాది.

స్వెటర్లల్లే స్టెయిన్‌వోర్ ఒకరోజు వచ్చింది:
"నా లెక్కలన్నీ మబ్బులో ఉన్నాయన్నారు,
ఏదీ, చూపించు."

మబ్బంటే ఇంకెవరిదో యంత్రం, అన్నాను.
వాడుకున్నంతకే అద్దె.
మీటరుకు మాత్రం మన నిద్ర పట్టదు.

నమ్మలేదు. ఆమె పనిలోకే దిగాను.
కొందరికి ఉన్ని ఇస్తాం, కత్తిరించింది కత్తిరించినట్టే;
ఏకడం, వడకడం, అల్లడం వాళ్ల తిప్పలు.
కొందరికి నూలు, సూదులు, వెలుతురున్న గదీ;
నమూనా ఒక్కటే వాళ్లది.
"మరి నాకు?"
నీకు అల్లేసిన స్వెటరే. తొడుక్కోవడమే.
"చేతులు పొడుగైతే?"
అదే చిక్కు. విప్పి అల్లే హక్కు నీకు లేదు.

చాలాసేపు మాట్లాడలేదు.
సంచిలోంచి జిడ్డు పట్టిన లెక్కల పుస్తకం తీసి
ఇది పారేద్దామనుకున్నా, అంది.
మబ్బులో నీళ్లు చూసి ముంత ఒలకబోసుకోకు, అన్నాను.
మళ్లీ సంచిలో దోపుకుంది.

వెనక గోడ దగ్గరికి తీసుకెళ్లాను.
ఫ్యాన్లు ఊదే వేడికి
అక్కడ మాత్రం మంచు నిలవదు,
నల్లమట్టి కనిపిస్తుంది.
అరచెయ్యి చాపి చూసింది.
"రాత్రంతా ఇలాగే వస్తుందా?"
ఎక్కడో ఎవరో ఫోటోలు దాచుకున్నంతసేపూ.

మర్నాడు డ్యూటీ దిగేసరికి
గోడ పొడుగునా తాడు.
తాడు మీద ఉతికిన ఉన్ని,
ఆవిర్లు కక్కుతూ.

మేనేజరుకు ఇంకా చెప్పలేదు.