తుమ్మితే ఊడే ముక్కు

తాత గొడుగు పట్టుకుని గడప దాటబోతే
నేను తుమ్ముతాను.
ఆయన వెనక్కొచ్చి, గొడుగు మేకుకి తగిలించి,
చెంబెడు నీళ్లు తాగి కూర్చుంటాడు.
ఈ లెక్కన పింఛను ఆఫీసుకి
ఏడాదిలో రెండుసార్లే వెళ్లగలిగాడు.

తప్పు నాది కాదు, పోర్టు ధూళిది.
వన్‌టౌన్‌లో పొద్దున తెల్ల గౌను ఆరేస్తే
సాయంత్రం తీసేది బూడిదరంగు గౌను.
ఆ ధూళే నా ముక్కులోనూ కాపురం పెట్టింది.

ఒకరోజు సోషల్ క్లాసులో వరసగా పదకొండు.
వెనక బెంచీ పరదేశి వేళ్ల మీద లెక్కపెట్టి
నా రబ్బరు కింద చీటీ దోపాడు:
"అమాస రాత్రి. ఫిషింగ్ హార్బరు. ఐసు మిల్లు వెనక.
సంకేతం: చిరంజీవ."

వెళ్లాను.
ఎలా వెళ్లానో అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.
తిరగేసిన తెప్ప కింద, లాంతరు చుట్టూ ఏడుగురు:
పరదేశి, వాడి చెల్లి మసేనమ్మ,
తెలుగులో తుమ్మడం ఇంకా నేర్చుకుంటున్న
నేవీ క్వార్టర్స్ గుర్లీన్,
రైల్వే కాలనీ కవలలు, పేరు చెప్పని ఒక పిల్ల,
ఒక పీత.
పీత కోశాధికారి.

"అది కొండనుకున్నావేటే గుంటా?" అంది మసేనమ్మ,
నీళ్లకవతల నల్లగా పడుకున్నదాన్ని చూపించి.
"డాల్ఫిన్ ముక్కని ఊరికే అన్నారేటి?
ముక్కొక్కటే పైకుంది. మిగతాదంతా కింద నిద్దరోతంది.
అది గానీ తుమ్మిందా,
ఓడలన్నీ సింహాచలం ఎక్కీసి కూకుంటాయి."

ఎన్నో ఏళ్లుగా పిల్లలే కాపలా.
పెద్దవాళ్లకి చెబితే కమిటీ వేస్తారని చెప్పలేదు.
అమాసకి అమాసకి పడవలో వెళ్లి
చీపుళ్లతో ముక్కు దులిపి, కథ చెప్పి
జోకొట్టి వస్తారు. అంతే సంఘం.

చేరాలంటే గుప్పిట్లో ఉప్పు పట్టుకుని
తుమ్మకుండా వంద లెక్కపెట్టాలి.
నేను నాలుగు దాకా వచ్చాను.

"పనికిరాదు" అన్నారు కవలలు, ఒకే గొంతుతో.
పీత పక్కకి తప్పుకుంది
(దాని నడకే అంత అనుకోండి).

అప్పుడు లైట్‌హౌస్ వెలుగు
సగం తిరిగి ఆగిపోయింది.
కన్ను మూతపడినట్టు.
హార్బరులో నీళ్లు వెనక్కి, వెనక్కి...
పడవలన్నీ ఒక పక్కకి ఒరిగాయి.
ఎవరో చాలా పెద్దవాళ్లు ఊపిరి పీలుస్తున్నారు.

వాళ్లు చీపుళ్లకి పరిగెత్తారు.
నాకు తెలుసు, ఇంత దూరం వచ్చింది ఇక ఆగదు.
నాకు కాక ఎవరికి తెలుస్తుంది?

తుమ్మింది.

ఒక్కటే.

ముక్కు ఊడలేదు గానీ
అల ఒకటి లేచింది, క్రేన్ల కన్నా ఎత్తుగా.
లేచి, పడాలో వద్దో తెలియక
తాతలాగే గడప దగ్గర నిలబడిపోయింది.

ఒక తుమ్ము కీడు. రెండైతే మేలు.
ఇంట్లో వెయ్యిసార్లు విన్నదే,
అంత పెద్ద నీళ్ల కింద నిలబడ్డాకే అర్థమైంది.
రెండోది నేను తుమ్మాలి!

రాదే!
పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి
నా ముక్కు మంచుగడ్డలా నిశ్శబ్దం.
ఎండు మెత్తళ్ల గోతాం దులిపారు, రాలేదు.
చివరికి గుర్లీన్ తన జడకొస తీసి
నా ముక్కులో గిరగిరా తిప్పింది.

హాఛ్!

అల తల వంచుకుని
ఒక్కొక్క మెట్టూ దిగినట్టు దిగింది.
"చిరంజీవ!" అన్నారు ఆరుగురు.
పీత డెక్క ఎత్తింది.
నీళ్ల అడుగునుంచి కూడా ఎవరో అన్నారు,
బొంగురుగా, నిద్రమత్తుగా.

పొద్దున్న తాత గొడుగు తీశాడు.
నేను తుమ్మాను.
నిట్టూర్చి వెనక్కి తిరిగాడు.

దూరంగా, సముద్రం వైపునుంచి
చిన్న తుమ్ము.
తలుపు గొళ్లెం కాస్త కదిలింది.

"ఎవరే అది?" అన్నాడు.

"రెండయ్యాయి తాతా,
బయల్దేరు."