వడ్డీ గడి

ఫెలోషిప్ ఆగి ఏడో నెల.
"ప్రాసెస్‌లో ఉందమ్మా" అంటాడు క్లర్కు,
ఫ్యాను కింద ఎగిరే కాగితాల మీద
స్టేప్లర్ బరువు పెడుతూ.

లీలామహల్ సర్కిల్లో
తోపుడుబళ్ల లెక్క రాస్తున్నాను:
పొద్దున తొమ్మిదొందలు తీసుకుంటే
రాత్రికి వెయ్యి కట్టాలి.
నా థియరీలో దానికో పేరుంది.
మొగిలమ్మ నోట మూడు తిట్లున్నాయి.

సర్వే ఫారాల జెరాక్సుకు
చిల్లర వెతుక్కుంటుంటే చూసింది.
దోసె తిప్పుతూనే
చెంగుముడి విప్పి రెండొందలు తీసింది.
"దుడ్లొచ్చినప్పుడు ఇద్దువులే మ్మే.
వడ్డీ గిడ్డీ ఏం లే."

రాత్రి ఎస్వీయూ హాస్టల్లో
పట్టిక నింపుతున్నాను.
అప్పిచ్చినవారి గడిలో
ఇన్నాళ్లూ ఫైనాన్సు వాళ్ల పేర్లే.
వడ్డీ సున్నా అని కొడితే
సాఫ్ట్‌వేర్ ఎర్రగా అడిగింది:
ఈ విలువ సరైనదేనా?