బుకోమ్‌లో మంగళవారం

మంగళవారం సముద్రానికి సెలవు.
మా గా జాతివాళ్ళెవరూ ఆ రోజు వల తాకరు.
పడవలు ఒడ్డున ఎండకి పగుళ్ళిస్తుంటే
మగాళ్ళంతా నా కెంకే కుండ చుట్టూ చేరి
జోస్యాలు చెప్తారు.

ఈ ఆదివారం తెల్లవారుజామున మూడింటికి
ఎక్కడో ఎడారి ఊళ్ళో
మా సందులో పుట్టిన ఆర్మా క్వే
ఆరడుగుల ఆరంగుళాల క్రొయేషియా వాడితో
హెవీవెయిట్ బెల్టు కోసం తలపడతాడు.
బెల్టుని పోస్టర్లో చూశాను.
దాని బిళ్ళ నా కుండ మూతంత ఉంది.
మూతయితే ఆవిరినైనా ఆపుతుంది.

అప్పుల పుస్తకం వెనక పేజీల్లో
పందేలు రాసేది నేను.
నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని కాదు,
అందరూ నాకే బాకీ కాబట్టి.

మంగలి లారే ముందు నోరు విప్పాడు.
"నాలుగో రౌండు. కుడిచెయ్యి. ఇక్కడ!"
కత్తి గాల్లో తిప్పి చూపిస్తే
సగం గడ్డంతో కుర్చీలో ఉన్నవాడు
ఊపిరి తియ్యడం మానేశాడు.

ట్రోట్రో నడిపే అడ్జెయ్‌కి మొదటి రౌండులోనే అయిపోవాలట.
నాలుగింటికి బండి తియ్యాలి మరి.

పాస్టరుగారు ఏడు అన్నాడు, అది దేవుడి అంకె.
"గెలిచేదెవరండీ?" అంటే
"దేవుడే" అన్నాడు.
రాయలేదు.
ఆ పందెం ఓడితే డబ్బెవరి దగ్గర వసూలు చెయ్యను?

లెక్కల టీచరు కోర్కోర్ మాత్రం
కాగితం మీద ఇద్దరి చేతులూ కొలిచి తెచ్చింది.
పదకొండు సెంటీమీటర్ల తేడా.
"మనవాడి గుద్దు చేరేలోపు
వాడి గుద్దు వచ్చి, కూచుని, నీళ్ళు తాగి పోతుంది" అంది.
ఆ పూట ఆవిడ వైపు
మిరప పచ్చడి గిన్నె ఎవరూ జరపలేదు.
నేనే జరిపాను.
లెక్క మీద అలిగితే లెక్క మారుతుందా?

ఓకాయిజా తాత అరవై ఒక్క ఫైట్లు ఆడినవాడు.
చెంచా నోటిదాకా వచ్చేసరికి
సగం సూపు చొక్కాదే.
"ఎవడు గెలుస్తాడో నాకెందుకు,
మూలలో తువ్వాలు ఎవడి చేతిలో ఉంటుందో చెప్పండి" అన్నాడు.
ఎవరికీ తెలీదు.
"మరి దేని గురించిరా ఇంతసేపూ అరుస్తున్నారు?"
నవ్వారు. తాత నవ్వలేదు.

అప్పుడొచ్చాడు ఓడార్టే.
మూడు వారాలు క్యాంపులో
ఆర్మా గుద్దులు తిని గురువారం తిరిగొచ్చిన కుర్రాడు.
కంటి కింద దెబ్బ ఇంకా
పండిన బొప్పాయి రంగులో ఉంది.
అంతా లేచి చోటిచ్చారు.
మంగలి కత్తి మడిచాడు.

"మనవాడే," అన్నాడు, అవసరం కన్నా గట్టిగా.
"పన్నెండు రౌండ్లూ. పాయింట్ల మీద."
ఈలలు. చప్పట్లు. ఎవరో కుండ మీద దరువు.

"ఎంత రాయమంటావు?" అడిగాను.
కెంకే పొత్తు విప్పుతూ, తల ఎత్తకుండా,
"ఈసారి వద్దులే అమెర్లే అక్కా" అన్నాడు.

వీడు
పీతల పరుగు మీద పందెం కాసినవాడు.
రేకు చూరు నుంచి ముందు ఏ చుక్క జారుతుందో
దాని మీదా కాసినవాడు.

ఆ మాటంటున్నప్పుడు వాడి చెయ్యి
ఎడమ డొక్కలో మూడో ఎముక దగ్గరికి వెళ్ళి
తనది కాని నొప్పిని తడిమినట్టు తడిమి
వెనక్కి వచ్చేసింది.
నేను చూశాను.
ఓకాయిజా తాత కూడా చూసి
సముద్రం వైపు తిరిగి కూచున్నాడు.

పుస్తకంలో మొట్టమొదటి పేరు నాదే.
ఆర్మా మీద యాభై సెడీలు, సిరా పెన్నుతో.
కొట్టెయ్యలేదు.
ఎవరితోనూ ఏమీ అనలేదు.
పేజీలు ముందుకి తిప్పాను,
బాకీల వైపు.

పద్నాలుగేళ్ళప్పుడు జిమ్ నుంచి ఆకలితో పరిగెత్తుకొచ్చి
అప్పు పెట్టి తిన్న పదకొండు కెంకేలు
ఆర్మా పేరు మీద ఇంకా అలాగే ఉన్నాయి.
ఫ్రిజ్ కొనిస్తానన్నాడు, కారు ఎక్కిస్తానన్నాడు,
ఆ పదకొండు మాత్రం తీర్చలేదు.

దాని కింద
"గెలిచాక అడగాలి" అని రాయబోయాను.
"గె" పడింది.
దాన్ని కొట్టేసి
"వచ్చాక" అని రాశాను.

"అక్కా, ఇంకో రెండు!" అంటున్నాడు అడ్జెయ్,
"ఆదివారం ఇస్తాలే, గెలిచిన డబ్బుల్లోంచి."