అలుపు లెక్క

ఎలియావా బజారులో పొద్దున్నుంచీ వాన.
రేకుల కింద వరసగా వెల్డింగ్ మెషిన్లు:
ఎర్రవి, పసుపువి, ఒకటైతే పెళ్లికారులా మెరుస్తూ.
ప్రతిదాని నుదుటి మీదా రెండు వందల ఆంపియర్లని రాసుంది.
నుదుటి రాతలు నమ్మే వయసు దాటింది నాకు.

కోటు లోపలి జేబులో పదకొండు వందల లారి నోట్లు.
నాలుగు వందలు ఆర్గాన్ సిలిండర్‌కీ, దాని మీటరుకీ
ముడుపు కట్టేశాను. అవి లేవనుకోవాలి.

"ఏం అతుకుతావు సియూరీ?" అన్నాడు అవ్తండిల్.
పాల క్యాన్లు. జున్ను తొట్లు.
కోతల నెలలో వైను ట్యాంకులకి విరిగే మెడలు.
అంతా స్టెయిన్‌లెస్సే.
"అయినా ఏసీ కూడా ఉన్నదే తీసుకో,
రేపు అల్యూమినియం వస్తే?"

పదిహేనేళ్లలో మా షెడ్డు ముందు
అల్యూమినియం ఒక్కసారే ఆగింది.
నోదర్ పడవ అది. నా వల్ల కాదన్నాను.
ఇప్పటికీ ఎదురైతే మొహం తిప్పుకుంటాడు.
ఆ మొహం కోసం ఇంకో తొమ్మిది వందలు పొయ్యలేను.

మెషిన్ వీపు మీద చీమల్లాంటి అక్షరాలు.
కళ్లద్దాలు తుడుచుకుని చదివాను.
రెండు వందల దగ్గర
పది నిమిషాల్లో రెండే కాలుతుందట,
ఎనిమిది నిమిషాలు రొప్పుతుందట.
నూట పదిహేనుకి దించితే ఆరు.
నా పలచటి రేకులకి ఎనభై చాలు,
ఎనభైకి దీనికి అలుపే లేదు.
ఎంత బలముందో చెప్పడానికి అందరూ ముందుకొస్తారు.
ఎంతసేపు నిలబడతారో వీపు మీద రాసుకుంటారు.

సంచిలోంచి నా పాల క్యాను ముక్క తీశాను.
అవ్తండిల్ గొణుక్కుంటూ వైరు లాగాడు.
పెళ్లికారుది గీకితే గానీ వెలగదు;
గీకగానే టంగ్‌స్టన్ మొన విరిగి
అతుకులో మేకులా దిగబడింది.
ఎర్రదాని అతుకు బూడిద రంగు.
మూలనున్న ముదురాకుపచ్చది
తాకకుండానే అంటుకుంది,
సన్నగా, తేనెటీగ ఒక్కటే తిరుగుతున్నట్టు.
మంట ఆపాక కూడా గాలి వదులుతూనే ఉంది,
ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు,
జ్వరం దిగేదాకా విసనకర్ర ఆపని చెయ్యిలా.
అతుకు ఎండుగడ్డి రంగులో తేలింది, అంచున కాస్త నీలం.

అప్పుడే కొనేదాన్ని.
కానీ దుకాణం వెనక గదిలో
రిపేర్ల జుంబెర్ ఉన్నాడు, సిగరెట్ వాసన,
పొట్టలు విప్పిన మెషిన్ల మధ్య.
"ఏది ఎక్కువగా చచ్చి నీ దగ్గరికొస్తుంది?" అన్నాను.
"అన్నీ వస్తాయి," అన్నాడు తలెత్తకుండా.
"ఎర్రదాన్ని లోపల జిగురు పోసి మూసేశారు,
దానికి నేను చేసేది అంత్యక్రియలే.
ఆకుపచ్చది ఆరు స్క్రూలు. బోర్డు నా బల్ల కింద ఉంది."
మా ఊళ్లో సాయంత్రం కరెంటు
నూట తొంభైకి జారుతుందన్నాను.
కాసేపు ఆలోచించాడు.
"ఆ టైములో పడుకో," అన్నాడు.

ఆరు వందల ఎనభై. ఇరవై తగ్గించడానికి
అవ్తండిల్ వాళ్లమ్మ మీద ఒట్టేశాడు.

కుతాయిసి వ్యానులో దానికీ టికెట్టు కొట్టారు.
కిటికీ పక్కన కూర్చోబెట్టాను.
సొరంగం దాటాక గుర్తొచ్చింది,
గ్యాసు గొట్టానికి క్లిప్పు కొనలేదని.